స్ట్రెస్ చూపించే వాచీలు, పట్టీలు, ఉంగరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్ళుగా నా పనంతా ఈ పరికరాలతోనే. చుట్టాల పెళ్ళికి వెళ్ళినా, లిఫ్టులో పక్కింటాయన ఎదురుపడినా చెయ్యి ముందుకు చాచి "ఇదిగో, స్ట్రెస్ 80 అంటోంది, ఏం చెయ్యమంటావ్" అని అడుగుతున్నారు. ప్రతిసారీ అవే సందేహాలు వస్తున్నాయని అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## కొనాలా వద్దా అనుకుంటున్నప్పుడు

వాచీ కట్టుకుంటే నా మనసులో ఏముందో నిజంగా తెలిసిపోతుందా?

తెలియదు. మీ ఒంట్లో ఏం జరుగుతోందో తెలుస్తుంది: గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది, చర్మం ఎంత చెమర్చింది, ఎంత వెచ్చగా ఉంది, చెయ్యి ఎంత కదిలింది. వీటిని కలిపి శరీరం ఇప్పుడు ఉద్రేకంగా ఉందా, నెమ్మదించిందా అని అంచనా కడుతుంది. ఆ అంచనా పనికొచ్చేదే, నేను రోజూ చూస్తాను. కానీ అది బాస్ మీద కోపమా, ప్రమోషన్ వచ్చిన ఆనందమా అన్నది మణికట్టు మీది సెన్సర్‌కి అందే విషయం కాదు.

ఏది కొనాలి? అన్నిట్లోనూ స్ట్రెస్ అనే ఉంది కదా?

పేరు ఒకటే గానీ లోపల కొలిచేవి వేరు. ఎక్కువ వాచీలు గుండె లయ ఒక్కటే చూసి స్ట్రెస్ అంకె చెప్తాయి. గార్మిన్ కంపెనీ వాచీ అలా 0 నుంచి 100 దాకా వేస్తుంది, 25 లోపు ఉంటే విశ్రాంతి, 75 దాటితే ఎక్కువ ఒత్తిడి అని లెక్క. రెండో రకం చర్మం మీది చెమటని కూడా కొలుస్తాయి: ఫిట్‌బిట్ కంపెనీ సెన్స్ వాచీ 2020లో వచ్చింది, అందులో వాచీ మీద అరచెయ్యి ఆనించి కొలుచుకోవాలి, 2022లో వచ్చిన సెన్స్ 2 అయితే రోజంతా తనంతట తనే కొలుస్తుంది. మూడో దారి యాపిల్ 2023లో పట్టింది, వాచీ ఊహించకుండా "ఇప్పుడెలా ఉంది" అని మిమ్మల్నే అడిగి రాసిపెట్టుకుంటుంది. నా మట్టుకు ఈ మూడో పద్ధతే నిజాయితీగా అనిపిస్తుంది, దానికి గుండె లయ లెక్క తోడైతే ఇంకా మంచిది.

పదిహేను వందల వాచీలో కూడా స్ట్రెస్, మూడ్, బీపీ అన్నీ ఉన్నాయి. అది చాలదా?

కొన్నాక ఇంట్లో ఒక పరీక్ష చేసి చూడండి. తువ్వాలు గట్టిగా చుట్టి దానికి ఆ వాచీ కట్టి బల్ల మీద పెట్టండి. నేను ఒకసారి అలా కడితే నిమిషం తిరక్కుండా గుండె వేగం 78 అని చూపించింది, కాసేపటికి స్ట్రెస్ "మధ్యస్థం" అని కూడా చెప్పింది. తువ్వాలుకి గుండె ఉందని చెప్పే యంత్రం మీ గురించి చెప్పేదాన్ని ఎంత నమ్మాలో మీరే ఆలోచించండి. మంచి వాచీలు కూడా ఒక్కోసారి ఇలా మోసపోతాయి గానీ, ఆగకుండా అంకెలు ఇస్తూనే ఉంటే మాత్రం వాపసు ఇచ్చెయ్యండి.

ఉంగరమా, వాచీయా?

నిద్రలో గుండె లయ కోసమైతే ఉంగరం బాగుంటుంది, వేలి దగ్గర నాడి బాగా దొరుకుతుంది, కదలిక తక్కువ. అంట్లు తోమే చేతికి, బండి నడిపే చేతికి, జిమ్‌లో బరువులు ఎత్తే చేతికి వాచీయే నయం. వేళ్ళు వాచే అలవాటు ఉన్నవాళ్ళు ఉంగరం జోలికి పోవద్దు.

## లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే

వాచీ వెనక ఆ పచ్చలైటు దేనికి?

రక్తం పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మణికట్టులోకి కొంచెం ఎక్కువ రక్తం వస్తుంది, అప్పుడు వెనక్కి తిరిగొచ్చే వెలుగు కొంచెం తగ్గుతుంది, మళ్ళీ పెరుగుతుంది. ఆ హెచ్చుతగ్గుల మధ్య దూరాన్ని వాచీ మిల్లీసెకన్లలో లెక్కపెడుతుంది. నాటువైద్యుడు మూడు వేళ్ళతో పట్టుకున్న నాడినే ఇది వెలుగుతో పట్టుకుంటోంది. చెయ్యి ఊగితే రక్తంతో పాటు చర్మమూ సెన్సరూ కదులుతాయి, అందుకే నడిచేటప్పుడు లెక్క చెడుతుంది.

చెమటని బట్టి టెన్షన్ ఎలా చెప్తారు? నాకు మామూలుగానే చెమట ఎక్కువ.

ఒంటిని చల్లబరిచే చెమట వేరు, పరీక్ష హాల్లో పేపర్ ఇవ్వగానే అరచేతుల్లో పట్టే చెమట వేరు. రెండోది మన అధీనంలో లేని నాడీవ్యవస్థ పంపే సంకేతం. చెమటలో ఉప్పు ఉంటుంది కాబట్టి చెమర్చిన చర్మం గుండా కరెంటు తేలిగ్గా పోతుంది. మనకి తెలియనంత కొద్దిపాటి కరెంటు పంపి అది ఎంత తేలిగ్గా పోయిందో కొలుస్తారు. ఏదైనా సంఘటన జరిగిన ఒకటి నుంచి మూడు సెకన్లలో గీత పైకి లేచి, మెల్లగా దిగుతుంది.

ఇది కొత్త విషయం కాదు. 1888లో ఫ్రాన్స్‌లో చార్లెస్ ఫెరే అనే వైద్యుడు దీన్ని గమనించి రాశాడు. తర్వాత స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ ఒక్కో మాట చదివి వినిపిస్తూ, ఏ మాటకి చర్మం ఉలిక్కిపడుతుందో కొద్దిపాటి కరెంటుని కొలిచే గాల్వనోమీటర్‌తో చూశాడు. ఇక మీ రెండో మాటకి జవాబు: మామూలుగా ఎంత ఉందన్నది అంత ముఖ్యం కాదు, మీ మామూలు నుంచి ఎంత లేచిందన్నదే చూస్తారు. ఒక చిక్కు మాత్రం ఉంది. ఈ గ్రంథులు దట్టంగా ఉండేది అరచేతుల్లో, అరికాళ్ళలో, వాచీ కట్టేదేమో మణికట్టుకి, అక్కడ సంకేతం బలహీనంగా ఉంటుంది.

హెచ్‌ఆర్‌వీ ఎక్కువుంటే మంచిదా, తక్కువుంటే మంచిదా?

విశ్రాంతిగా ఉన్నప్పుడు మామూలుగా ఎక్కువుంటే మంచిది. గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటోందంటే సరిగ్గా సెకనుకొకటి అని కాదు, ఒకసారి 950 మిల్లీసెకన్లు, ఒకసారి 1040, ఇంకోసారి 980. గాలి పీల్చినప్పుడు కొంచెం త్వరపడుతుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. ఈ తేడానే హెచ్‌ఆర్‌వీ అంటారు. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఆ సడలింపు పోయి గడియారంలా కొట్టుకోవడం మొదలవుతుంది. వయసు పెరిగేకొద్దీ అందరికీ తగ్గుతుంది, కాబట్టి మీ అబ్బాయి అంకె పక్కన మీ అంకె పెట్టుకుని దిగులు పడొద్దు. గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్ళకి మాత్రం ఈ లెక్క వర్తించదు, వాళ్ళకి అంకె ఎక్కువున్నా అది మంచికి గుర్తు కాదు.

కోపం, భయం, సంతోషం అని విడివిడిగా ఎందుకు చెప్పలేకపోతోంది?

ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

ఒక ఆదివారం మా అమ్మ రెండు వేళ్ళకి ఎలక్ట్రోడ్లు తగిలించి వంటింటి గుమ్మంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. గీత సమంగా పోతోంది. కుక్కర్ విజిల్ వేసింది, రెండు సెకన్లలో గీత నిటారుగా లేచింది. రెండో విజిల్‌కి సగమే లేచింది, మూడోదానికి దాదాపు లేదు, అలవాటు పడిపోయింది. ఇంతలో డల్లాస్ నుంచి తమ్ముడి ఫోన్. రింగ్ వినపడగానే గీత మొదటి విజిల్‌కి రెండింతలు లేచింది. ఆ వేళప్పుడు వాడెప్పుడూ చెయ్యడు, ఏమయిందోనని భయపడ్డాను అంది అమ్మ. వాడేమో కోడలికి నెల తప్పిందని చెప్పడానికి చేశాడు. ఆ మాట వినగానే ఇంకో ఎత్తు లేచింది. భయానికి లేచిన గీతా, ఆనందానికి లేచిన గీతా స్క్రీన్ మీద పక్కపక్కనే ఉన్నాయి, ఏది ఏదో అమ్మ చెప్తే తప్ప నాకు తెలియలేదు.

మనస్తత్వవేత్త జేమ్స్ రసెల్ 1980లో భావాలకి రెండు కొలతలు చెప్పాడు: ఎంత ఉద్రేకం ఉంది, అది హాయిగా ఉందా బాధగా ఉందా. చెమటా గుండే మొదటిదాన్ని బాగానే చెప్తాయి, రెండోదాన్ని చెప్పడంలో తడబడతాయి. మన నాట్యశాస్త్రం దీన్ని ఎప్పుడో పట్టుకుంది. సాత్త్విక భావాలు, అంటే మనసులోది ఒంటి మీద దానంతట అదే బయటపడే గుర్తులు, ఎనిమిది అని లెక్కపెట్టింది, స్తంభం (కొయ్యబారడం), స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు (వణుకు), వైవర్ణ్యం (రంగు మారడం), అశ్రువు, ప్రళయం (స్పృహ తప్పడం). అందులో స్వేదం, అంటే చెమట, దేనివల్ల పుడుతుందో చెప్తూ కోపం, భయం, హర్షం, లజ్జ, దుఃఖం, శ్రమ, రోగం, తాపం అన్నీ చేర్చింది. చెమట ఒకటే, కారణాలు అన్ని. వాచీకి కనిపించేది ఆ ఒక్క చెమటే.

ప్రకటనలో 90 శాతం పైగా కచ్చితంగా చెప్తుందని ఉంది. నమ్మొచ్చా?

ఆ శాతం ఏ గదిలో, ఎవరి మీద వచ్చిందో అడగండి. ఈ రంగంలో అందరూ వాడే వీశాడ్ అనే డేటా 2018లో బయటికొచ్చింది. అందులో ఉన్నది 15 మంది, 12 మంది మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళు. ఛాతీకీ మణికట్టుకీ సెన్సర్లు పెట్టి, కాసేపు పత్రికలు చదివించి, కొన్ని నవ్వించే వీడియోలు చూపించి, తర్వాత ఎదుట మనుషుల్ని కూర్చోబెట్టి ప్రసంగం చేయించారు, 2023 నుంచి 17 చొప్పున తీసేస్తూ లెక్క చెప్పమన్నారు. ఒత్తిడి ఉందా లేదా అని రెండే ముక్కల్లో అడిగితే 93 శాతం దాకా సరిగ్గా వచ్చింది, నవ్వుని కూడా విడిగా గుర్తుపట్టమంటే 80కి పడిపోయింది. అది కదలకుండా ఉన్న గది. హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో బండి మీద ఉన్న మనిషి మణికట్టు అంత కుదురుగా ఉండదు.

అసలిది ఎవరు మొదలుపెట్టారు?

అమెరికాలో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో పనిచేసే రోజలిండ్ పికార్డ్. కంప్యూటర్లు మనిషి భావాల్ని పట్టించుకోవాలని ఆవిడ 1997లో రాసిన పుస్తకంతోనే ఈ రంగానికి అఫెక్టివ్ కంప్యూటింగ్ అనే పేరు స్థిరపడింది. అప్పట్లో ఒంటికి తగిలించుకునే కంప్యూటర్లు, తీగలు మోసుకు తిరిగేంత ఉండేవి.

## కట్టుకున్నాక

ఊరికే కూర్చున్నా స్ట్రెస్ ఎక్కువ చూపిస్తోంది. నాకేమైనా అయిందా?

ముందు ఆ గంటలో ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. స్ట్రాంగ్ కాఫీ, విందు భోజనం, ఎండలో నడక, రాత్రి నిద్ర చాలకపోవడం, మందు తాగడం, జలుబు మొదలవబోతుండటం, నెలసరి ముందు రోజులు, ఇవన్నీ గుండె లయని మారుస్తాయి. రాత్రి పార్టీలో రెండు పెగ్గులు వేసిన మనిషికి నిద్రంతా స్ట్రెస్‌లోనే గడిచినట్టు గ్రాఫ్ చూపిస్తుంది, మనిషేమో హాయిగా గుర్రు పెట్టాడు. జ్వరం బయటపడక ముందే అంకెలు చెడిపోవడం కూడా మామూలే. బీపీకి, గుండెకి వేసుకునే కొన్ని మాత్రలు గుండె వేగాన్ని తగ్గిస్తాయి, అవి వేసుకునేవాళ్ళ అంకెలకి అర్థం వేరు.

మే నెలలో బెజవాడలో పనిచేస్తుందా?

గుండె లయ పనిచేస్తుంది, చెమట సెన్సర్ మాత్రం ఇబ్బంది పడుతుంది. ఉక్కపోతలో చర్మం ముందే తడిసి ఉంటుంది, ఇక టెన్షన్‌కి ప్రత్యేకంగా లేవడానికి గీతకి చోటుండదు. ఫ్యాన్ కింద పది నిమిషాలు కూర్చుని, పట్టీ కింద తుడుచుకుని అప్పుడు చూసుకోండి. ఏసీ గదిలోంచి ఎండలోకి అడుగు పెట్టిన వెంటనే వచ్చే అంకెని అసలు లెక్కలోకి తీసుకోవద్దు.

నాది నల్లటి ఒళ్ళు. అందుకని తప్పు చూపిస్తుందా?

అడగాల్సిన ప్రశ్న ఇది, అమ్మేవాళ్ళు చెప్పరు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా పచ్చ కాంతిని పీల్చుకుంటుంది, అందువల్ల సెన్సర్‌కి తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది. మంచి వాచీలు వెలుగు పెంచి సర్దుకుంటాయి, చౌకవి సర్దుకోలేవు. పచ్చబొట్టు మీద కడితే అసలే అందదు. ఈ అల్గారిథమ్‌లు నేర్చుకున్న డేటాలో ఎక్కువ భాగం మనలాంటి ఒంటిరంగు ఉన్నవాళ్ళది కాదు, మన ఎండల్లో తీసినదీ కాదు. మన దగ్గర, పొలంలో పనిచేసేవాళ్ళ నుంచి కూడా, వాళ్ళకి అన్నీ చెప్పి, ఒప్పుకుంటేనే డేటా తీసుకుని ఈ పరికరాల్ని సరిచేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఏ చేతికి కట్టాలి? ఎంత బిగించాలి?

తక్కువ వాడే చేతికి, మణికట్టు ఎముకకి ఒక వేలి వెడల్పు పైన. అటూ ఇటూ జారకూడదు, నొప్పి కూడా ఉండకూడదు. రోజుకొకసారి పట్టీ కడిగి ఆరబెట్టండి, దద్దుర్లు వచ్చేది ఎక్కువగా సబ్బూ చెమటా కింద నిలిచిపోవడం వల్లే.

వాచీ చూసుకున్నకొద్దీ టెన్షన్ పెరుగుతోంది, ఏం చెయ్యను?

నోటిఫికేషన్లు ఆపేయండి. ఇంకా పెరుగుతుంటే వాచీయే తీసేయండి, నేను మా అక్కకి అదే చెప్పాను. "మీరు ఒత్తిడిలో ఉన్నారు" అని మణికట్టు మీద వణికినప్పుడల్లా ఆవిడ ఏం తప్పు జరిగిందోనని వెతుక్కునేది, వెతుక్కుంటే ఏదో ఒకటి దొరుకుతుంది కదా. రెండు వారాలు తీసేసి, తర్వాత వారానికొకసారి మాత్రమే గ్రాఫ్ చూడటం మొదలుపెట్టింది, ఇప్పుడు బాగానే ఉంది.

మరి ఈ అంకెలతో పనికొచ్చేది ఏం చేసుకోవాలి?

చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. గ్రాఫ్ లేచిన చోట టైమ్ రాసి, అప్పుడు ఏం జరుగుతోందో, మీకెలా అనిపించిందో మీ మాటల్లో రాయండి. "టెన్షన్" అని ఒక్క ముక్క రాసి వదలొద్దు. మన భాషలో ఎన్ని మాటలున్నాయో చూడండి: గుండె గుభేలుమంది, ముచ్చెమటలు పట్టాయి, ఒళ్ళు మండింది, చేతులు చల్లబడ్డాయి, కడుపులో దేవినట్టయింది. ఒక్కోటి ఒక్కో భావం, దాదాపు అన్నీ ఒంటి గురించినవే. మూడు వారాలు ఇలా రాస్తే ఏదో ఒక పోలిక బయటపడుతుంది. నాకు బయటపడింది ఏమిటంటే, సోమవారం మీటింగ్ కాదు నన్ను కుదిపేది, దానికి ముందు ఆదివారం రాత్రి పది గంటలకి ఆఫీసు మెయిల్ తెరవడం. ఆ అలవాటు మానేశాను.

## ఇంట్లోవాళ్ళ కోసం

మా బాబుకి ఆటిజం. విపరీతంగా కలవరపడిపోయే ముందు ఇది చెప్పగలదా?

ఆశ ఉంది, హామీ లేదు. మాటల్లో చెప్పుకోలేని పిల్లాడు పైకి ప్రశాంతంగా కనపడుతున్నా లోపల ఎంత ఉద్రేకంగా ఉన్నాడో చెమట గీత కొన్నిసార్లు చూపిస్తుంది, అప్పుడు శబ్దం తగ్గించి పక్క గదిలోకి తీసుకెళ్ళొచ్చు. ఎంఐటీలో రోజలిండ్ పికార్డ్ ల్యాబ్‌లో ఒక విద్యార్థి సెలవులకి ఇంటికి వెళ్తూ ఆటిజం ఉన్న తన తమ్ముడి కోసం రెండు పట్టీలు తీసుకెళ్ళాడు. ఒక చేతి గీత ఎప్పుడూ చూడనంత ఎత్తుకి లేచింది, రెండో చేతిది లేవలేదు. పరికరం చెడిందనుకున్నారు, విచారిస్తే ఆ గీత లేచిన కాసేపటికే ఆ పిల్లాడికి మూర్ఛ వచ్చిందని తేలింది. ఆ దారిలో తయారైన ఎంబ్రేస్ అనే వాచీకి మూర్ఛని గుర్తించడం కోసం 2018లో అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఆటిజం కలవరానికి మాత్రం మామూలు వాచీని వైద్య పరికరంగా అనుకోవద్దు. పట్టీ తాకితేనే చిరాకుపడే పిల్లలు చాలామంది, బలవంతంగా కట్టొద్దు.

డిప్రెషన్ ఉందో లేదో ఇందులో తెలుస్తుందా? పానిక్ అటాక్?

డిప్రెషన్‌ని వాచీ నిర్ధారించలేదు. నిద్ర చెదరడం, బయటికి కదలకపోవడం లాంటివి గ్రాఫులో కనిపిస్తే అవి డాక్టర్‌కి చూపించడానికి పనికొస్తాయి, అంతవరకే. వాచీ "అంతా బాగుంది" అంటున్నా మీకు బాగుండకపోతే మీ మాటే నిజం. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ నంబర్ 14416, ఉచితం, రోజంతా తెలుగులో కూడా మాట్లాడతారు. గుండె దడతో పాటు ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం ఉంటే అది పానిక్ అని మీరే తేల్చుకోవద్దు, వాచీ చూస్తూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి.

## ఆఫీసు, డేటా

మా కంపెనీ వెల్‌నెస్ పేరుతో ఉచితంగా వాచీలిస్తోంది. తీసుకోనా?

తీసుకునే ముందు హెచ్‌ఆర్‌ని మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి: డేటా ఎవరు చూస్తారు, నా పేరుతో చూస్తారా అందరిదీ కలిపి చూస్తారా, వద్దంటే నాకేమైనా నష్టమా. సూటిగా జవాబు రాకపోతే వద్దనండి. యూరప్‌లో ఉన్నవాళ్ళకి గట్టి రక్షణ ఉంది, అక్కడి ఏఐ చట్టం ఆఫీసుల్లో, స్కూళ్ళలో మనుషుల భావాల్ని ఇలా ఊహించే వ్యవస్థల్ని నిషేధించింది, 2025 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది, వైద్యం, భద్రత కోసమైతే మినహాయింపు. జర్మనీలో, ఐర్లండ్‌లో పనిచేస్తున్న మనవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. మన దేశంలో 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం సమ్మతి అడగమంటుంది, కానీ ఉద్యోగ అవసరాల కోసం సమ్మతి లేకుండానే కొంత వాడుకోవడానికి అందులో వీలుంది. ఆఫీసులో టెన్షన్ పడటం ఉద్యోగి లోపంగా మేనేజర్ స్క్రీన్ మీద కనపడే రోజు రాకూడదు. టెన్షన్‌కి కారణం చాలాసార్లు ఆ పనివేళలే.

కంపెనీ మూసేస్తే నా వాచీ, నా డేటా ఏమవుతాయి?

అమెజాన్ హేలో అని 2020లో ఒక పట్టీ వచ్చింది, గొంతుని బట్టి మనిషి ఎలా వినిపిస్తున్నాడో కూడా చెప్పేది. 2023 జులై 31తో ఆపేశారు, మర్నాటి నుంచి పట్టీ, యాప్ రెండూ పనిచెయ్యలేదు. కాబట్టి మూడు నెలలకొకసారి యాప్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి మీ డేటా ఫైలు దింపుకోండి.

పాత వాచీ అమ్మేస్తున్నాను. ఏం చూసుకోవాలి?

వాచీలో ఫ్యాక్టరీ రీసెట్ ఒక్కటే సరిపోదు, డేటా ఉండేది కంపెనీ సర్వర్‌లో. ముందు ఫైలు దింపుకుని, తర్వాత ఖాతా సెట్టింగుల్లోకి వెళ్ళి ఆరోగ్య డేటా తొలగించండి, ఇక ఆ కంపెనీవి వాడరనుకుంటే ఖాతానే తీసేయండి, ఆ తర్వాత వాచీ రీసెట్ చేసి, ఫోన్‌లో బ్లూటూత్ జాబితాలోంచి కూడా తీసేయండి. ఇంట్లో పిల్లలకి ఇస్తుంటే పాత ఖాతాతో ఇవ్వొద్దు, వాళ్ళ గుండె లెక్కలు మీ లెక్కల్లో కలిసిపోతాయి. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ డేటా వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని మన 2023 డేటా చట్టం అంటుంది.